కాలేయం జంక్షన్

మా ఇంట్లో పేకాటకి పందెం ఎంగిలి గిన్నెలు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురం కూర్చునేవాళ్ళం: అక్క, బావ, వాళ్ళమ్మాయి పిచ్చుక, మేడ మీద గదిలో ఉండే నేను. సాయంత్రానికి ఎవరి పాయింట్లు ఎక్కువైతే వాళ్ళు గిన్నెలు తోమాలి. అక్క తోమగా నేను చూసింది తక్కువ.

అందుకు కారణం ఆమె మొహం. జోకర్ చేతికొస్తే అక్క మొహం ఎర్రబడుతుందని మా నమ్మకం. రెండేళ్ళ కిందట పిచ్చుక కనిపెట్టిన సంగతి అది. మెడ దగ్గర మొదలై, చెవుల మీదుగా నుదుటి దాకా ఇటుక రంగు పాకేది. కొన్ని నిమిషాలుండి పోయేది. ఎరుపు కనబడగానే బావ ముక్కలు కింద పడేసి "ప్యాక్" అనేవాడు. ప్యాక్ అంటే కొద్ది పాయింట్లతో ఆటలోంచి తప్పుకోవడం. ఆయన వెనకే పిచ్చుక, నేను. అందరూ తప్పుకుంటే మిగిలిన మనిషి తన ముక్కలు చూపించక్కర్లేదు. అక్క పదమూడు ముక్కలూ కట్టలో కలిపేసి, "ఎవరక్కడ, గిన్నెలు!" అనేది.

అక్కది రైల్వే స్టేషన్ విచారణ కౌంటర్లో ఉద్యోగం. అద్దానికున్న గుండ్రటి కన్నంలోంచి వచ్చే రెండు మాటలు వింటే మనిషిది ఏ ఊరో చెప్పేది. "ఎన్నేళ్ళు పట్నంలో ఉన్నా, బండి తప్పిపోతుందన్న కంగారులో పుట్టిన ఊరి యాసే వస్తుందిరా," అనేది. బావకి తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి షాపు ఉంది. పిచ్చుక కాలేజీలో చదువుతోంది. నేను పత్రికలో కోర్టు వార్తలు రాసేవాణ్ణి.

ఆ చలికాలం మొదట్లో ఒక ఆదివారం. కిటికీలు మూసి ఉన్నాయి. పిచ్చుక మేజోళ్ళు తొడుక్కుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. ముక్కలు పంచిన కాసేపటికి అక్క శాలువా తీసి కుర్చీ వెనక వేసింది. చూస్తుండగానే మెడ ఎర్రబడింది.

"వచ్చేశాడు జోకరు," అన్నాడు బావ. "నేను ప్యాక్."

"నాన్నా, నువ్వు మరీ పిరికివాడివి," అంటూ పిచ్చుకా పడేసింది. నేనూ పడేశాను.

అక్క నవ్వబోయి, పొట్ట పట్టుకుని లేచింది. ముక్కలు బల్ల మీద బోర్లా పెట్టి బాత్రూమ్‌లోకి వెళ్ళింది. ఆమధ్య అలా లేచి వెళ్ళడం ఎక్కువైంది. అడిగితే స్టేషన్ తిండి పడటం లేదనేది.

పిచ్చుక బాత్రూమ్ వైపు ఓ కన్నేసి, వాళ్ళమ్మ ముక్కలు తిప్పింది.

"మావయ్యా, ఇటు చూడు."

జోకర్ లేదు. జోకర్ మాట అటుంచి, ఒకే రంగులో వరసగా మూడు ముక్కలు లేవు. ఆటలో ఆ వరసని లైఫ్ అంటారు. అది లేకపోతే చేతిలో ఎన్ని జోకర్లున్నా దండగ. అక్క చేతిలో లైఫ్ లేదు.

"ఎంత నటన!" అన్నాడు బావ. బాత్రూమ్ తలుపు వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఇదిగో, నీ నాటకం బయటపడింది! ఇన్నాళ్ళూ చేతిలో ఏమీ లేకుండా మా చేత గిన్నెలు తోమించావన్నమాట!"

"దొంగచాటుగా చూసిన సాక్ష్యం చెల్లదు," అంది అక్క లోపల్నుంచి. "కావాలంటే కోర్టు విలేఖరిని అడగండి."

అందరం నవ్వాం. కావాలనుకున్నప్పుడు మొహం ఎర్రబరుచుకోవడం ఎవరికైనా సాధ్యమా అన్న ప్రశ్న మాలో ఒక్కరికీ రాలేదు. జోకర్ వస్తే ఎర్రబడుతుందని నమ్మినవాళ్ళం, జోకర్ లేకపోతే నటిస్తోందని నమ్మాం. ఎటు తిరిగినా పేకాటలోనే తిరిగాం.

తర్వాతి వారం అక్కకి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. స్కానింగ్ చేసే డాక్టరు చనువైన మనిషి. పొట్ట మీద జిగురు పూస్తూ, వాళ్ళమ్మగారు పొద్దుటి బండికి వస్తున్నారనీ, బండి టైముకి నడుస్తోందా అనీ అడిగాడట. పొగమంచుంటే గంట ఆలస్యమని అక్క చెప్పింది. అతను మళ్ళీ మాట్లాడలేదు.

"నా జవాబు వినలేదురా," అంది అక్క ఆటోలో వస్తూ. "ఇన్నేళ్ళలో బండి టైము అడిగి, జవాబు వినని మనిషిని చూళ్ళేదు. అప్పుడే అనుకున్నాను, లోపల ఏదో ఉందని."

కాలేయంలో గడ్డలున్నాయి. ఒకటి కాదు. పెద్దవి, చిన్నవి, రెండు వైపులా. పెద్ద డాక్టరని అందరూ పిలిచే క్యాన్సర్ డాక్టరు ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూపించాడు. ఇవి కాలేయంలో పుట్టినవి కాకపోవచ్చనీ, వేరే చోట పుట్టి పాకినవై ఉంటాయనీ చెప్పాడు.

"వేరే చోటంటే?" అన్నాడు బావ.

"అదే వెతకాలి."

వెతికారు. నోటి నుంచి గొట్టం వేసి చూశారు, కింద నుంచి వేసి చూశారు. రొమ్ములు, ఊపిరితిత్తులు, గర్భాశయం చూశారు. ఎక్కడా ఏమీ లేదు. పక్కటెముకల సందులోంచి సూది దించి కాలేయంలో చిన్న ముక్క తీశారు. మొదటి రిపోర్టు క్యాన్సరంది. మూలం తెలియలేదంది. మరికొన్ని పరీక్షలు జరుగుతున్నాయంది.

"మూలం దొరకనివాటికి ఇచ్చే మందులున్నాయి," అన్నాడు పెద్ద డాక్టరు. "గట్టి మందులు. మనిషి తట్టుకోవాలి. సోమవారం మొదలుపెడదాం."

"మొదలుపెడితే?" అంది అక్క.

"కొన్ని నెలలు కలిసిరావచ్చు."

"కలిసొచ్చేవి కొన్ని నెలలైతే, అసలువి ఎన్ని?"

డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు. "అవీ నెలలేనమ్మా," అన్నాడు. అబద్ధం చెప్పని మనిషి. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

ఇంటికి వచ్చాక బావ ముందుగది తలుపు ఊడదీశాడు. కింద నేలకి రాసుకుంటోందన్నాడు. చీకటిపడే దాకా చిత్రిక పట్టాడు. ఆ తలుపు రాసుకోవడం నేనెప్పుడూ వినలేదు.

శుక్రవారం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి కాదు. సూదితో తీసిన ముక్కని పరీక్షించే పాథాలజీ విభాగం నుంచి. పేషెంట్ తాలూకు ఎవరైనా ఒకసారి రాగలరా అని ఆడ గొంతు. నేను వెళ్ళాను.

మెట్లు దిగాక పొడవాటి నడవా, నడవా చివర గది. గదిలో మందు వాసన. బల్ల మీద రెండు వైపుల నుంచి ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు, దాని పక్కన మీగడ కట్టిన టీ, అట్ట పళ్ళేల్లో గాజు పలకలు. డాక్టరమ్మకి యాభై అయిదు దాటి ఉంటాయి. నన్ను కూర్చోమంది కానీ, కూర్చోవడానికి ఉన్న కుర్చీలో పుస్తకాలున్నాయి. ఆమే తీసి కింద పెట్టింది.

"మామూలుగా నేను పేషెంట్లనీ చూడను, వాళ్ళ తాలూకు వాళ్ళనీ చూడను," అంది. "నా దగ్గరికి ముక్కలే వస్తాయి. మీ అక్కగారి ముక్క నన్ను తిననివ్వడం లేదు, పడుకోనివ్వడం లేదు. కొన్ని ప్రశ్నలు అడుగుతాను."

"అడగండి."

"విరేచనాలవుతున్నాయా?"

"అవుతున్నాయి. రైల్వేలో ఉద్యోగం, నిన్న కూడా డ్యూటీకి వెళ్ళింది. స్టేషన్ తిండి వల్లంటుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది పైనే."

"పిల్లికూతలు? ఆయాసం?"

"మెట్లెక్కితే కొంచెం."

"మొహం ఎర్రబడుతుందా?"

"లేదండీ," అన్నాను. అని నవ్వాను. "జోకర్ వస్తే తప్ప."

ఆమె నవ్వలేదు. "అంటే?"

మా ఇంటి పేకాట సంగతి చెప్పాను. చెబుతుంటే సిగ్గేసింది. మనిషి కాలేయంలో గడ్డలుంటే నేను ఎంగిలి గిన్నెల గురించి మాట్లాడుతున్నాను. ఆమె మాత్రం టీ పక్కకి జరిపి, బల్ల మీద రెండు మోచేతులూ ఆన్చి విన్నది.

"ఎర్రబడినప్పుడు చెమట పడుతుందా?"

"లేదు. శాలువా తీసేస్తుంది. చెమట చూడలేదు."

"జోకర్ రాకుండా ఎర్రబడిన రోజు ఉందా?"

బోర్లా పెట్టిన పదమూడు ముక్కలు గుర్తొచ్చాయి. పిచ్చుక చెయ్యి వాటిని తిప్పడం గుర్తొచ్చింది.

"ఉంది," అన్నాను. "నటించిందనుకున్నాం."

"మీ లెక్క పూర్తిగా తప్పు కాదు. గుండె వేగం పెరిగినప్పుడు కూడా ఇది వస్తుంది. మంచి ముక్క పడితే వచ్చే ఉండొచ్చు. మీరు వచ్చిన రోజులు గుర్తుపెట్టుకున్నారు, రాని రోజులు వదిలేశారు. అందరం చేసే పనే. ఇది ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు. మా మేనకోడలు కాలేజీలో చేరిన ఏడు కనిపెట్టింది."

"రెండేళ్ళు. గట్టిగా చెప్పగలరా?"

"చెప్పగలను."

ఆమె లేచి, వెళ్ళి నడవా వైపు తలుపు మూసి వచ్చింది.

"ఇటు రండి. ఎప్పుడైనా దీంట్లో చూశారా? రెండు కళ్ళూ పెట్టండి. చక్రం ముట్టుకోకండి, నేను తిప్పుతాను."

ముందు నా రెప్పలే కనబడ్డాయి. తర్వాత వెలుతురు. ఆ వెలుతురులో గులాబీ రంగు మైదానం, మైదానంలో ఊదా రంగు దీవులు.

"గులాబీది కాలేయం. ఆ దీవులు బయట్నుంచి వచ్చినవి. ఇంకా దగ్గరికి తీసుకెళ్తాను."

దీవి పెరిగి గుంపైంది. గుంపులో కణాలు విడివిడిగా కనబడ్డాయి. అన్నీ ఒకే సైజు. ఒక్కోదాని మధ్యలో గుండ్రటి కేంద్రకం, కేంద్రకంలో రవ్వ చల్లినట్టు చుక్కలు. ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. కోర్టులో నేను చాలా సాక్ష్యాలు చూశాను: కత్తులు, చొక్కాలు, తాళ్ళు. చూడగానే హాని తెలిసేది. ఇక్కడ తెలియలేదు. మా అక్కని చంపుతాయన్నవి ఇవేనా అని చూస్తూ ఉండిపోయాను. ఊపిరి తీసుకుంటే అద్దం మీద ఆవిరి పడింది.

"అందంగా ఉన్నాయి," అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"ఫరవాలేదు. నేను రోజూ అనుకుంటాను. ఎవరికీ చెప్పను." ఆమె అటువైపు నుంచి చూస్తూనే మాట్లాడింది. "మామూలు రకాలు ఇలా ఉండవు. ఒకదానికి ఒకటి పోలిక ఉండదు, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఇవి పద్ధతి తెలిసిన ఇంటి నుంచి వచ్చాయి. కాలేయంలోకి కాపురానికొచ్చాయి కానీ, పుట్టింటి తీరు మానుకోలేదు. నాకు కావాల్సింది ఆ పుట్టిల్లు."

"ఎక్కడ?"

"చిన్న పేగు అనుకుంటున్నాను. పై గొట్టానికీ కింది గొట్టానికీ అందని చోటు. అనుకోవడం రిపోర్టు కాదు. రంగు పరీక్షలు ఇంకొన్ని చెయ్యాలి, కొద్ది రోజులు పడుతుంది."

ఎరుపు సంగతి అడిగాను. ఆమె చెప్పింది. ఈ కణాలు ఒక రసాయనం తయారుచేస్తాయి. పేగులో ఉన్నంతకాలం ఆ రసాయనం రక్తంతో ముందు కాలేయానికి వెళ్తుంది. కాలేయం దాన్ని విరిచి పారేస్తుంది. గడ్డలు కాలేయంలోకే చేరాక, కాపలావాడి ఇంట్లోనే దొంగ మకాం పెట్టినట్టు. రసాయనం నేరుగా ఒంట్లోకి పోతుంది. మొహం ఎర్రబడుతుంది, పేగు పరుగెత్తుతుంది.

"అంటే మొహం ఎర్రబడటం మొదలైన రోజుకే గడ్డలు కాలేయంలో ఉన్నాయి," అంది. "రెండేళ్ళ కిందటే. మామూలు రకమై ఉంటే..."

ఆగింది. నేను కళ్ళు పైకెత్తాను. ఆమె కూడా ఎత్తింది.

"మామూలు రకమై ఉంటే ఆవిడ నిన్న డ్యూటీకి వెళ్ళి ఉండేవారు కాదు. ముక్క చూసి ఇవి తొందరపడేవి కావనుకున్నాను. మీ పేకాట దానికి తేదీ ఇచ్చింది. సోమవారం మొదలుపెట్టొద్దని పెద్ద డాక్టరుతో నేను మాట్లాడతాను. ఇంట్లో మీరు మాట్లాడండి."

పెద్ద డాక్టరు ఆగడానికి ఒప్పుకున్నాడు. కానీ ఆమె అనుమానం తప్పయితే ఆగిన రోజులు తిరిగిరావనీ, నిర్ణయం ఇంటివాళ్ళదేననీ ఫోన్లో చెప్పాడు. బావ ఒప్పుకోలేదు.

"ఇల్లు కాలుతుంటే నిప్పు పెట్టిందెవరని విచారణా?" అన్నాడు. "ముందు నీళ్ళు పొయ్యాలి."

"నీళ్ళో కిరసనాయిలో చూసుకుని పొయ్యాలి కదా బావా."

"నువ్వు పత్రికలో రాసుకో ఆ మాటలు. సోమవారమన్నారు, సోమవారమే. పేషెంటు మొహం కూడా చూడని మనిషి ఆగమంటే ఆగుతామా?"

"మనం రోజూ చూశాం నాన్నా, మొహం," అంది పిచ్చుక. "చూసి గిన్నెలు తోమాం."

అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి ఆపింది.

"ఏమండీ. చెక్క ఏ చెట్టుదో చూడకుండా మీరు ఉలి పెడతారా?"

"చెక్క ఆగుతుంది. నువ్వు..." అన్నాడు బావ.

"రెండేళ్ళు ఆగాను కదా. ఇంకో వారం ఆగుతాను." మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. "నా కౌంటర్ దగ్గరికి ఒకడొచ్చి, తిరుగు బండి ఎన్నింటికంటాడు. ఎక్కడికి బాబూ అంటే తెలియదంటాడు. ఏం చెప్తాను? ఎక్కడ ఎక్కిందో తెలియనిదాన్ని ఎక్కడ దింపుతారు? ఒరేయ్ తమ్ముడూ, పేగు నుంచి రక్తం ముందు ఎక్కడికెళ్తుందన్నావు?"

"కాలేయానికి."

"అన్ని బళ్ళూ అక్కడికేనా?"

"పేగులోంచి బయల్దేరేవన్నీ."

"అయితే అది జంక్షన్. జంక్షన్లో పట్టుబడ్డవాణ్ణి జంక్షన్ వాడనుకోవడం తప్పే." మెడ దగ్గర ఎరుపు మొదలైంది. చెవుల మీదికి పాకింది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. "ప్యాక్ అనరేం?" అంది అక్క.

బావ పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, "వారమే," అన్నాడు. "ఒక్క వారం."

ఆ వారం ఇంట్లో ఏ తలుపూ మూలగలేదు. అన్నిటి బందులకీ బావ నూనె పోశాడు. అక్క డ్యూటీకి వెళ్ళొచ్చింది. ఆదివారం ముక్కలు ఎవరూ తియ్యలేదు. గిన్నెలు బావే తోమాడు.

రంగు పరీక్షలు వచ్చాయని ఫోన్ వస్తే అక్క తానూ వస్తానంది. "నా ముక్క నేను చూడొద్దా?"

గదిలోకి అడుగుపెట్టగానే డాక్టరమ్మ లేచి నిలబడింది. ఎవరికో దొరికిపోయినట్టు చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. "కూర్చోండి... ఇదిగో, ఇటు చూడండి, ఇక్కడ," అంది.

అక్క కూర్చోకుండా ఆమెని చూసింది. "మీది ఏటి అవతలి వైపు కదూ? కొండ దగ్గర ఊళ్ళు."

"మీకెవరు చెప్పారు?"

"ఇప్పుడు మీరే. 'చూడండి' అని చివర సాగదీశారుగా."

"నేను ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళయిందండీ! మా ఆయనకి కూడా తెలియదు నాకు యాస ఉందని."

"ముప్ఫై ఏళ్ళయితే ఏం? కంగారులో వస్తుంది."

డాక్టరమ్మ గట్టిగా నవ్వింది. ఆ గదిలో నవ్వు వినడం అదే మొదలేమో, పక్కగదిలో పనిచేసే మనిషి తొంగిచూసి వెళ్ళాడు.

"నేను చేసే పనీ అదేనండీ," అంది. "రంగేసి కంగారు పెడతాను. పుట్టిన ఊరి మాట బయటికొస్తుంది."

అక్క కళ్ళు ఆన్చింది. ఈసారి పలక మీద దీవులన్నీ ఇత్తడి రంగులోకి మారాయి. చుట్టూ ఉన్న కాలేయం నీలంగా, రంగంటకుండా ఉంది. ఆ ఇత్తడి రంగు, గ్రంథుల్లా రసాయనాలు తయారుచేసే ఒక జాతి కణాలకే పడుతుందట. రెండో పలకలో రంగు పేగు సంతతికి గుర్తు. మూడో పలక, ఎన్ని కణాలు చీలి పెరుగుతున్నాయో చెప్పేది. దాంట్లో అక్క చాలాసేపు వెతికింది.

"ఒక్క చుక్క కనబడుతోంది. ఇంకోటి... ఆ, ఇంకోటి."

"అంతే. వందకి ఒకటి. అది కూడా తీరిగ్గా."

"పాసింజర్ బండి," అంది అక్క.

"పాసింజరే."

"ఎక్స్‌ప్రెస్ అనుకుని భయపడి చచ్చాం కదురా," అంది నాతో, కళ్ళు తియ్యకుండానే. తన ఒంట్లోవి తను చూస్తోంది. ఆ వెలుతురు ఆమె కనురెప్పల మీద పడుతోంది. నేనూ డాక్టరమ్మా గోడ దగ్గర నిలబడ్డాం. ఇద్దరిలో ఎవరమూ చాలన్న మాట అనలేదు.

ఇక పుట్టిల్లు ఎక్కడుందో చూపించే స్కాను మిగిలింది. దానికి ముందు ఒక ఇంజెక్షన్ ఇస్తారు. అందులో ఉన్నది ఈ జాతి కణాలకే అతుక్కుంటుంది. అతుక్కున్న చోటల్లా యంత్రానికి వెలుగు కనబడుతుంది. బావకి ఇది అర్థమయ్యేలా డాక్టరమ్మ ఇంకోలా చెప్పింది. "పుట్టింటివాళ్ళు పిలిచే ముద్దుపేరు లాంటిదండీ. వీధిలో నిలబడి ఆ పేరు పిలిస్తే, ఆ ఇంటి పిల్లలే పలుకుతారు. మిగతావాళ్ళు వాళ్ళ పని చూసుకుంటారు."

బావ తలూపాడు. "పలక్కపోతే?"

"పలక్కపోతే నేను తప్పని," అంది.

స్కాన్ అయ్యాక అక్క బట్టలు మార్చుకుని వచ్చింది. మమ్మల్ని తెర ముందు కూర్చోబెట్టారు. పెద్ద డాక్టరు వచ్చాడు. డాక్టరమ్మ కూడా మెట్లెక్కి పైకొచ్చింది. గదిలో దీపం తీసేశారు.

చీకట్లో మనిషి ఆకారం. తల, భుజాలు, చేతులు పొగలా ఉన్నాయి. కిడ్నీలు రెండూ, ప్లీహం వెలుగుతున్నాయి. అవి అందరికీ వెలుగుతాయన్నారు. కాలేయంలో దీపాలు. లెక్కపెట్టబోయి మానుకున్నాను. విమానం కిటికీలోంచి రాత్రిపూట ఊళ్ళు కనబడినట్టు కనబడ్డాయి. రెండేళ్ళుగా ఈ దీపాలు మా ఎదురుగా కూర్చుని ముక్కలు పంచాయి. నాకు భయం వెయ్యాలి. వేసింది కూడా. కానీ దానికన్నా ముందు ఇంకేదో వచ్చింది. పెద్ద సభల్లో అందరూ లేచి నిలబడితే మనమూ లేస్తామే, అలాంటిది.

"ఆ చుక్కేమిటి?" అన్నాడు బావ.

ఆయన వేలు పొట్ట కింద కుడివైపు చూపిస్తోంది. చెక్కలో సన్నటి పురుగు కన్నం పట్టుకునే కళ్ళు. పెద్ద డాక్టరు తెర దగ్గరికి వంగాడు. బొమ్మని పొరలు పొరలుగా తిప్పాడు. చుక్క పోయింది, మళ్ళీ వచ్చింది. చిన్న పేగు చివర, పెద్ద పేగులో కలిసే చోటికి జానెడు ముందు.

"ఇదే," అన్నాడు ఆయన. వెనక్కి తిరిగి డాక్టరమ్మ వైపు చూశాడు. "మీరు చెప్పిన చోటే."

ఆమె కోటు జేబులోంచి రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకుంది.

"ఎంతుంటుంది?" అంది అక్క.

"శనగగింజంత."

అక్క కుర్చీ ముందుకి లాక్కుంది. తెర మీద వేలు ఆన్చింది.

"ఇదిగోనండీ జోకరు," అంది బావతో.

పెద్ద డాక్టరు దీపం వెయ్యలేదు. చీకట్లోనే చెప్పాడు. ఇది పూర్తిగా పోయేది కాదు. కానీ ఏళ్ళ తరబడి పట్టి ఉంచగలిగే రకం. గింజ ఉన్న పేగు ముక్క తీసేద్దాం. నెలకో ఇంజెక్షన్. ఎరుపూ విరేచనాలూ తగ్గుతాయి. సోమవారం ఇవ్వబోయిన మందు దీన్ని పెద్దగా కదిపేది కాదు, మనిషిని మాత్రం నలిపేసేది.

"ఏళ్ళంటే?" అన్నాడు బావ.

"ఏళ్ళే," అన్నాడు పెద్ద డాక్టరు. "ఈసారి నెలలు కాదు."

ఇంటికొచ్చి ఆటో దిగాక బావ ముందుగది తలుపు తీసి, మూసి, మళ్ళీ తీశాడు. అది నేలకి రాసుకోలేదు.

చలి తగ్గేసరికి ఆపరేషన్ కుట్లు మానాయి. రెండో నెల ఇంజెక్షన్ కూడా అయింది. అక్క ఇంకా సెలవులోనే ఉంది. కౌంటర్లో తన బదులు కూర్చున్న అబ్బాయి అందరినీ మీది ఏ ఊరని నోటితో అడుగుతున్నాడని విని, సిగ్గుచేటంది. ఆ ఆదివారం భోజనాలయ్యాక తానే కట్ట తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

కిటికీలు తెరిచి ఉన్నాయి. పిచ్చుక ముక్కలు పంచింది. ఆట మొదలైంది. బావ ఒక ముక్క తీసి, అక్క మొహం చూశాడు. ఒక ముక్క పారేసి, మళ్ళీ చూశాడు.

"పేక మీ చేతిలో ఉందండీ, నా మొహంలో కాదు," అంది అక్క.

"అలవాటు."

"ఇక పనికిరాదు ఆ అలవాటు. గిన్నెలకి సిద్ధంకండి."

నేనూ చూశాను. మెడ, చెవులు, నుదురు. మొహం మామూలుగా ఉంది. ఆమె ముక్క తీసింది, సర్దింది, పారేసింది. చేతిలో ఏముందో అంతుపట్టలేదు. పిచ్చుక నా వైపు చూసి పెదవి విరిచింది. రెండేళ్ళలో మొదటిసారి మేము ముగ్గురం మా ముక్కలు చూసి ఆడుతున్నాం. ఆడటం మాకు అంతగా రాదని తేలింది.

ఎవరూ ప్యాక్ అనలేదు.

"షో," అంది అక్క.

పదమూడు ముక్కలూ వరసగా పరిచింది. లైఫ్ ఉంది. దాని పక్కన రెండో వరస. మిగతా వాటిలో రెండు జోకర్లు. ఒకటి మొదట్లోనే వచ్చిందట.

పిచ్చుక బల్ల మీద చెయ్యి చరిచి, "అమ్మా, రెండా! రెండు పెట్టుకుని అలా కూర్చున్నావా!" అంది. నేను పాయింట్లు కూడుతున్నాను. బావ దగ్గర్నుంచి మాట రాకపోతే తలెత్తాను. ఆయన ముక్కలు పట్టుకునే ఉన్నాడు. అక్కని చూస్తున్నాడు. చెవుల దగ్గర మొదలై నుదుటి దాకా ఆయన మొహం ఎర్రబడింది.

పిచ్చుక లేచి వెనకనుంచి ఆయన చేతిలోకి తొంగిచూసింది. జోకర్ లేదు.